మతము లేని మఠము

ఒక దేవుని పేరు చెప్పక, ఒక గ్రంథమును ప్రమాణముగా నిలుపక, ఒక గురువును శరణు వేడక, భూమిని కాపాడుటయే సాధనగా గల ఆధ్యాత్మిక సంఘము నొకదానిని నెలకొల్పుట సాధ్యమా యను ప్రశ్న నేడు దేశదేశములందు ఆలోచనాపరుల గోష్ఠులలో తఱచుగా వినవచ్చుచున్నది. వానలు వేళకు కురిసి కాలువలు నిండుగా పాఱు సీమలలో ఈ ప్రశ్న తీరికగలవారి ముచ్చటగా తోచవచ్చును. ఏటి యిసుకలో చెలిమ త్రవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపుకొను కడప, కర్నూలు మండలములలో మాత్రము ఇది బ్రదుకుతెరువునకు సంబంధించిన ప్రశ్న. ఏలయన, ఇచ్చట నేలను నిర్లక్ష్యము చేసినవారికి శిక్ష పరలోకమున గాక మఱుసటి వేసవియందే అందుచుండును.

ఇట్టి సంఘమునకు రెండు దిక్కులనుండి ఆక్షేపణ వచ్చును. సిద్ధాంతము లేనిదే సంఘము నిలువదనియు, ఉమ్మడి నమ్మిక లేనిచోట పదిమంది పది దారులు పట్టుదురనియు ఆస్తికుడు అనును. చెట్లు నాటుటకు అటవీశాఖయు, చెఱువుల పూడిక తీయుటకు నీటిపారుదల శాఖయు ఉండగా నడుమ ఈ ఆధ్యాత్మిక మను మాట యెందులకని హేతువాది అడుగును. రెండును తేలికగా త్రోసివేయదగిన ప్రశ్నలు కావు. వీనికి కేవల తర్కముచే సమాధానము వెదకుటకంటె, ఈ సీమలోనే ఇంచుమించు ఇట్టి ప్రయత్నములు మున్ను ఎట్లు జరిగినవో, వానిలో ఏది నిలిచినదో, ఏది మాఱినదో, ఏల మాఱినదో పరికించుట మేలు. రాతిమీద వ్రాసినవియు, నేలమీద మిగిలినవియు నగు సాక్ష్యములకు మనకు కొఱత లేదు.

గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో, జొన్నగిరికి దాపున, ఎఱ్ఱగుడి యను చిన్నయూరి ప్రక్క గుట్టపై అశోకుని ధర్మలిపులు కలవు. పదునాలుగు శిలాశాసనములును లఘుశాసనములును ఒక్కచోటనే లభించు స్థలములు భారతదేశమున మిక్కిలి అరుదు. వానిలో ఎఱ్ఱగుడి యొకటి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున బ్రాహ్మీలిపిలో చెక్కబడిన ఆ పంక్తులు 1920ల చివఱివఱకు పండితుల కంటబడలేదు. వానిలో రెండవ శాసనము మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పఱచుటను, ఓషధులు లేనిచోటికి తెప్పించి నాటించుటను, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుటను చెప్పును. పండ్రెండవ శాసనము, తన మతమును పొగడుకొని పరమతమును తెగడువాడు తన మతమునకే హాని చేయుచున్నాడని చెప్పి, వాక్కును అదుపులో నుంచుకొనుటయే అన్ని మతముల సారము పెరుగుటకు మూలమని బోధించును. భూతదయయు, సిద్ధాంతముల విషయమున మితవాక్కును ఒకే బండపై, ఒకే ధర్మములోని భాగములుగా కనబడుట గమనింపదగినది. అచ్చట దేవుని నిర్వచనము లేదు, మోక్షమార్గ నిర్ణయము లేదు. చేయవలసిన పనులును మాటలాడవలసిన తీరును మాత్రమే కలవు.

ఐనను ఆ ధర్మమున కొక లోపము కలదు. అది పైనుండి దిగివచ్చినది. ధర్మమహామాత్రులను రాజాధికారులు తిరిగినంతకాలము సాగి, సామ్రాజ్యము సడలగానే బండమీది అక్షరమై మిగిలినది. కొన్ని శతాబ్దములకు ఆ యక్షరములను చదువగలవారు సయితము లేకపోయిరి. అంతేకాదు, కళింగయుద్ధమునకు పశ్చాత్తాపము ప్రకటించిన పదుమూడవ శాసనమందే అడవిజాతులవారికి తన శక్తిని జ్ఞాపకము చేయు బెదరింపొకటి వినబడును. చెట్లు నాటుడని యాజ్ఞాపించిన ప్రభువునకు చెట్లనడుమ పుట్టి పెరిగినవారితో ఎట్లు మాటలాడవలెనో తెలియలేదు. భూమిని ఉద్ధరింతుమని బయలుదేఱువారందఱును ఈ పంక్తిని మనసున నుంచుకొనదగును. ఈ విషయమున జనుల యూహ ప్రభువుల యూహకంటె ఒక అడుగు ముందున్నది. అహోబిల నరసింహుడు చెంచుల యల్లుడు. కనుమనాడు పారువేటకు బయలుదేఱి, నలుబది దినములకు పైగా పల్లకిలో ఊరూరు తిరిగి, తన పెండ్లికి రమ్మని జనులను తానే పిలుచుకొని వచ్చును. అడవిపై అధికారము చెలాయింపవచ్చిన దేవుడు కాడు. అడవియింటి పిల్లను చేసికొని, చుట్టఱికము కలుపుకొన్న దేవుడు.

పైనుండి దిగివచ్చిన ధర్మము నేలలో వేరూనుట యెట్లో తెలియవలెనన్నచో కడపమండలమందలి పోరుమామిళ్లకు పోవలెను. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరినుండి ఏలుచు, 1369లో అచ్చట అనంతరాజసాగరమను చెఱువును కట్టించి, ఆ వృత్తాంతమును సంస్కృతమున శాసనముగా వ్రాయించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, రాయి తోలుటకు నూఱు బండ్లును పనిచేసినట్లు అందు చెప్పబడినది. అంతకంటె విశేషము, చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తగులరాని ఆఱు దోషములను ఆ శాసనము వరుసగా పేర్కొనుట. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి బంకమన్ను గల నేల, దూరమునుండి వచ్చు తియ్యనీటి యేరు, ఆ యేటిని ఒరసికొనియున్న కొండ, ఆ కొండకొమ్ముల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, దాపుననే రాతిగని, దిగువను చదునైన సారవంతపు పొలము, పనినేర్పుగల మనుష్యులు మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరు ఊటగా కాఱుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై తడుపవలసిన భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట దోషములు.

ఈ పట్టిక చెఱువునకే కాక ఏ సంఘమునకైనను చెల్లునని నాకు తోచుచున్నది. తాను పోషింపగలిగినదానికంటె ఎక్కువమందికి ఆశ చూపిన సంఘము ఐదవ దోషమున చెడును. నడుమ నొక మిట్టవలె లేచి, తానొక్కడే యెత్తున నిలిచి, నీటిని రెండుగా చీల్చు గురువుగల సంఘము నాల్గవ దోషమున చెడును. రెండు మతముల పొలిమేరపై కూర్చుండి ఇరువురిని మెప్పింపజూచునది మూడవ దోషమున చెడును. తనలోని చిన్న చిన్న తగవులను ఊటయే గదా యని ఉపేక్షించునది మొదటి దోషమున చెడును. గండి పడుటకు వఱద యక్కఱలేదు, ఊట చాలును.

చెఱువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో చేర్చిరి. కొడుకుతోను, కావ్యముతోను, వనముతోను, దేవాలయముతోను సమానముగా, మనిషి పోయిన పిమ్మటకూడ అతనిని నిలుపు సంతతి యది. ఐతే, కనుట యొక యెత్తు, పెంచుట యొక యెత్తు. దీనిని బాగుగా నెఱిగిన ఆ కాలమువారు దశబంధ మాన్యమను ఏర్పాటు చేసిరి: చెఱువును గాని బావిని గాని కట్టించినవారికిని బాగుచేయించినవారికిని దాని క్రింది యాయకట్టులో కొంత భాగము మాన్యముగా చెల్లుచుండెను, దానికి మాఱుగా మరమ్మతు భారము వారిపై నుండెను. మడి మడికి వంతు తప్పక నీరు వదలు నీరుగంటి, ముసురు పట్టిన రాత్రులలో గండి పడకుండ కట్టపై కావలియుండు రైతులు, వేసవిలో పూడికమన్ను ఎత్తి పొలములకు తోలుకొను బండ్లు, మరవ పాఱిననాడు గంగమ్మకు పెట్టు పొంగలి, ఇవియన్నియు ఒకే కట్టుబాటులోని యంగములు. ఇందు ఏది యార్థికము, ఏది యాధ్యాత్మికము అని గీత గీయుట కష్టము. గంగమ్మను నమ్మనివాడైనను వంతు తప్పినచో ఊరు మన్నింపదు; నమ్మినవాడైనను పొంగలి పెట్టి పలుగు పట్టకున్నచో ఊరు మెచ్చదు. ఆస్తికుని యాక్షేపణకు ఇందు సగము సమాధానము కలదు. నమ్మికలు వేఱైనను వంతు ఒక్కటైనచో సంఘము నిలుచును. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన పిదప క్రమక్రమముగా చెఱువుల బాధ్యత సర్కారు కచేరీలకు మరలెను, వంతులు సడలెను. పూడికతో మిట్టపడిన కుంటలును, కట్టలపై కమ్ముకొన్న సర్కారు తుమ్మయును మనకు మిగిలెను. ఆ యూళ్లలో దేవుని నమ్మువారి సంఖ్య తగ్గలేదు, గుడుల సంఖ్య పెరిగినది కూడ. తగ్గినది వంతు మాత్రమే.

రాజుల ధర్మమును, రైతుల కట్టుబాటును చూచితిమి. ఇక యోగుల మార్గము. పదునేడవ శతాబ్దమున ఈ సీమయందు సంచరించిన పోతులూరి వీరబ్రహ్మము బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ యింట పసులకాపరిగా నుండి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెనని ఐతిహ్యము. పసులచుట్టు నేలపై నొక గీత గీచి, అవి దానిని దాటక మేయుచుండగా తాను గుహలో కూర్చుండి వ్రాసికొనెడివాడట. పిమ్మట కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగముతో జీవించెనందురు. కొయ్యపని చేసి బ్రదికిన ఆ గురువునకు దూదేకుల యింట పుట్టిన మహమ్మదీయుడు సిద్ధయ్య ప్రియశిష్యుడు; మాదిగకులమువాడైన కక్కయ్యయు శిష్యుడే. కొయ్య చెక్కు చేయియు, దూది ఏకు చేయియు, తోలు కోయు చేయియు ఒక్క యరుగుపై కలిసిన ఆ సత్సంగము, కాయకష్టము చేయువారి యాధ్యాత్మికతకు రాయలసీమ యిచ్చిన గొప్ప నిదర్శనము. అచ్చట శిష్యత్వమునకు కులము అడ్డు కాలేదు, మతము అడ్డు కాలేదు. బ్రదుకుతెరువు సయితము అడ్డు కాలేదు.

1693లో ఆయన సజీవసమాధి పొందెనని సంప్రదాయము. తరువాత కందిమల్లాయపల్లె బ్రహ్మంగారిమఠమైనది; ఆరాధనలు, ఉత్సవములు, యాత్రికుల రాకపోకలు పెరిగినవి. ఇందు తప్పు పట్టవలసినది లేదు. నమ్మినవారు గురువును తలచుకొను సహజమైన తీరు అదియే. కాని ఇన్ని తరములలో జరిగిన మాఱ్పు ఒకటి కలదు. కాలజ్ఞానములోని జోస్యములను లెక్కించువారు వేలకొలదిగా పెరిగిరి. కక్కయ్యను చేరదీసిన చేతిని తలచుకొనువారు పదులసంఖ్యకు దిగిరి. కఱవు వచ్చినను, వఱద వచ్చినను, బ్రహ్మముగారు ముందే చెప్పిరని తృప్తిపడుట సులభము. ముందే చెప్పినను మనమేమి చేసితిమని అడుగుకొనుట కష్టము. నడచి చూపిన జీవితము క్రమముగా నమ్మవలసిన వాక్యముగా గడ్డకట్టుట యన్ని మార్గములకును పొంచియున్న ప్రమాదము. మఠమునకు దాపున తెలుగుగంగ పథకముక్రింద కట్టిన జలాశయమునకు బ్రహ్మంసాగరమని పేరు పెట్టుటలో నాకొక యౌచిత్యము కనబడుచున్నది. 17 టి.ఎం.సి.లకు మించి నీరు పట్టగల ఆ సాగరము నిండుటకును ఎండుటకును జోస్యము కారణము కాదు. ఎగువనున్న కొండవాలులును, మనుష్యుల నడవడియు కారణము.

ఈ గడ్డకట్టుటను ముందుగానే పసిగట్టి, గడ్డకట్టకమునుపే పగులగొట్టిన మఱియొక వ్యక్తియు పాత కడపజిల్లావాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టెను. 1911లో చిత్తూరుజిల్లా ఏర్పడువఱకు మదనపల్లె కడపజిల్లాలోనిదే. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి యగుటచే బదిలీలవెంట కుటుంబము కడపకును వచ్చెను. తల్లి సంజీవమ్మ 1905లో కడపలోనే కన్నుమూసెను. 1909లో అడయారున దివ్యజ్ఞానసమాజపు పెద్దల కంటబడి, లోకగురువు కానున్నవాడని ప్రకటింపబడి, 1911లో తనకొఱకై స్థాపింపబడిన నక్షత్రసంఘమునకు అధిపతియైన ఆ యువకుడు, 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమున ఓమెన్ శిబిరములో వేలకొలది అనుయాయుల యెదుట ఆ సంఘమును తానే రద్దుచేసెను. సంఘమునకు కానుకగా వచ్చిన కోటయు భూములును ఇచ్చినవారికే తిరిగి చేరెను. సత్యమును చేరుటకు ఎవరో వేసిన బాట లేదనియు, గుంపుగా కూడి దానిని చేరుట పొసగదనియు ఆయన మతము. మతమను మాట ఆయన యెదుట వాడదగినచో.

ఐతే ఆ కాలముననే, ఆయన పుట్టినయూరికి కొద్దిదూరమున, ఏనుగు మల్లమ్మ కొండ యని జనులును హార్స్‌లీ కొండ యని దొరలును పిలిచిన పర్వతపు చాయలందు, దివ్యజ్ఞానసమాజపు నాయకురాలు అనీబిసెంటు తోడ్పాటుతో 1920ల నడుమ భూమి సేకరింపబడి, అచ్చట ఋషివ్యాలీ విద్యాలయము రూపుదాల్చినది. రాళ్లగుట్టలనడుమ నొక పెద్ద మఱ్ఱి నీడను మొదలైన ఆ స్థలము నేటికిని నడచుచున్నది. సంస్థలను కాదన్నవాడు సంస్థను నిలుపుట వైరుధ్యము కాదా యని చాలమంది అడిగిరి. ఈ వైరుధ్యమును నేను దోషముగా భావింపను. మన ప్రశ్నకు తాళపుచెవి అందే కలదని తలతును. సత్యమునకు సంస్థ అక్కఱలేదు. నేలకు మాత్రము కావలెను. మనిషి మనసు ఒక్క క్షణమున మేలుకొనవచ్చును. బోడియైన గుట్ట ఒక్క క్షణమున పచ్చబడదు. దానికి ముప్పదియేండ్ల కంచె కావలెను, మేకల కావలి కావలెను, వేసవి మంటలను ఆర్పు మనుష్యులు కావలెను, వానకు వానకు మధ్య చెడిన అడ్డుకట్టలను ఎత్తు చేతులు కావలెను. ఒకడు అలసినపుడు మఱియొకడు రావలెను. ఆ లోయలో జరిగినది ఇదియే. గుట్టలపై చెట్లు పెంచి, వాననీటిని నిలువరించి, కాపాడగా, 1991 నాటికి అది పక్షుల సంరక్షణస్థలముగా ప్రకటింపబడెను; 200కు పైగా పక్షిజాతులు అచ్చట గుర్తింపబడినవి; దక్షిణదేశపు రాతిగుట్టల పొదలందు దప్ప కానరాని పచ్చగొంతు పిగిలిపిట్ట వానిలో నొకటి. అచ్చటి పిల్లలకు సాయంకాలపు సంధ్యావందనము లేదు, నమాజు లేదు. అస్తాచలమను పేర గుట్టపై కూర్చుండి సూర్యుడు క్రుంకుటను మాటలేక చూచుట కలదు. ఏమి నమ్మవలెనో చెప్పక, ఏమి చూడవలెనో కూడ చెప్పక, చూచుటకు వ్యవధి మాత్రమిచ్చు ఆచారమది. అనంతపురము దిక్కున చెన్నేకొత్తపల్లి దాపున 1990లో ముప్పదిరెండెకరముల బీడుతో మొదలైన తింబక్తు సమష్టి, గురువు పేరు గాని తత్త్వము పేరు గాని లేకయే, కాపుదలచే నేలను తేఱనిచ్చి ఇట్టి ఫలితమునే సాధించినది.

నేలకు సంస్థ కావలెనన్నంతమాత్రమున ఆ సంస్థకు సిద్ధాంతము కావలెనని కాదు. సిద్ధాంతము భూసేవకు సాయపడకపోగా కీడు చేయుననుటకు లంకమల ప్రాంతపు చిన్నపక్షి యొకటి సాక్ష్యము పలుకును. కలివికోడి యను ఆ పక్షిని 1848 ప్రాంతమున జెర్డన్ అను వైద్యుడు శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవరికిని కనబడకపోగా, అది నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్, కడపజిల్లా రెడ్డిపల్లె పరిసరములందు, ఆ యూళ్లవారి సాయముతోనే దానిని మరల కనుగొనెను. రాత్రులందు మాత్రమే తిరుగు ఆ పక్షి జాడ తెలియుటకు, తరువాతి పరిశోధకులు పొదలనడుమ మెత్తనిమన్నును పట్టెలుగా పఱచి, తెల్లవాఱినపిమ్మట వంగి, దానిపై పడిన మూడువ్రేళ్ల ముద్రలను వెదకవలసివచ్చెను. దాని నివాసము దట్టమైన అడవియు కాదు, దున్నిన పొలమును కాదు. ముండ్లపొదలు పలుచగా, నడుమ నడుమ బోడినేలతో ఉండు చిట్టడవి. కంప నఱికి చదును చేసినను అది బ్రదుకదు, పుణ్యమని మొక్కలు ఒత్తుగా నాటినను బ్రదుకదు. మందలు అతిగా మేసినచో పొద చచ్చును. బొత్తిగా మేయనిచో పొదలు కలిసిపోయి, అది పరుగెత్తు బోడినేల మాయమగును.

రెవెన్యూ లెక్కలలో ఇట్టి నేలకు బీడని పేరు. చెట్లు నాటుటయే పరమధర్మమని నమ్మినవాని కంటికి అది తన పుణ్యమునకై యెదురుచూచుచున్న ఖాళీస్థలము. సాగుబడియే పరమధర్మమని నమ్మినవాని కంటికి సోమరిభూమి. ఇద్దఱును సదుద్దేశముతోనే దానిని చంపుదురు. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికి వచ్చినపుడు, దప్పిగొన్న మనుష్యుల నీటికిని, వందలయేండ్లుగా అచ్చట బ్రదికిన ప్రాణికిని నడుమ తగవు వచ్చెను. చివఱకు కాలువ మార్గమును మార్చి యిద్దఱికిని చోటు చేయవలసి వచ్చినది. ఇట్టి తగవును ఏ స్మృతియు ముందుగా తీర్చలేదు. ఆ నేలను, ఆ నీటిని, ఆ పాదముద్రను ఓపికతో చూచినవాడు మాత్రమే తీర్చగలడు. పోరుమామిళ్ల శాసనకర్త, అన్నిచోటుల చెఱువులు కట్టుడని చెప్పక, ఎచ్చట కట్టరాదో కూడ చెప్పుటలో ఈ వివేకమే కలదు. నల్లరేగడికి చెల్లినది ఎఱ్ఱనేలకు చెల్లదు. కోయిలకుంట్లకు చెల్లినది రాయచోటికి చెల్లదు. కావున, సిద్ధాంతము లేకుండుట ఈ సంఘమునకు లోటు కాదు, అర్హత.

ఇక హేతువాది ప్రశ్న మిగిలినది: పని యంతయు శాఖలే చేయగలిగినచో ఆధ్యాత్మిక మెందులకు? దీనికి సమాధానము బోరుబావులు చెప్పగలవు. పొరుగువాడు నాలుగువందల అడుగులు దింపినచో తాను ఆఱువందలు దింపవలెనను పంతము, ఆ పంతమునకు తెచ్చిన అప్పు, ఆ యప్పు తీఱుటకై కొఱ్ఱను, ఆరికను, జొన్నను విడిచి ఏటేట వేరుసెనగనే విత్తుట, అది యెండినచో మరల బోరు, మరల అప్పు. ఇది నీటి సమస్యగా కనబడును గాని, దీని మూలము లోభభయములలో నున్నది. ఒక్కొక్క రైతును నిందించుట నా యుద్దేశము కాదు. సంతయు, బ్యాంకియు, వాన రాకయు అతనిని ఆ దారికి త్రోసినవి. ఐనను, భూగర్భములోని నీరు అందఱిదని తెలిసియుండియు, నా చేనిలో దింపిన గొట్టము నా యిష్టమని యనిపించు మనసును ఏ శాఖయు మార్చజాలదు. చట్టము గొట్టపు లోతును కొలువగలదు, ఆశ లోతును కొలువలేదు. అపరిగ్రహమని జైనులు, అలోభమని బౌద్ధులు, వైరాగ్యమని మనవారు, కనాఅత్ అని సూఫీలు చెప్పినది ఇచ్చట మెట్టవేదాంతము కాదు. ఊరి బావులు బ్రదుకుటకు కావలసిన కనీసపు క్రమశిక్షణ. అఱువదియేండ్ల వయసున చింతమొక్క నాటువానికి దాని కాపు తాను తిననని తెలియును. ఫలాపేక్ష లేని కర్మను గుఱించి ఉపన్యాసము వినుటకును, ఆ మొక్కకు మూడు వేసవులు కావడితో నీళ్లు మోయుటకును గల భేదమే ఈ సంఘమునకును తక్కిన సత్సంగములకును గల భేదము కావలెను.

ఒక్క హెచ్చరిక చెప్పక విడువరాదు. భూమాత, భూసేవ యని పలుకునపుడు ఆ భూమి యెవరిదను ప్రశ్న వెంటనే లేవవలెను. పోరుమామిళ్లలో దినమునకు వేయిమంది పనిచేసిరని శాసనము సంఖ్య చెప్పినది గాని ఒక్కని పేరును చెప్పలేదు. ఈ సీమలోని చెఱువులను త్రవ్వి కట్టలు పోసిన వడ్డెవారికిని ఉప్పరవారికిని వానిక్రింద దక్కిన మళ్లు ఎన్ని? ఊరందఱి మళ్లకు వంతు తప్పక నీరు పంచిన నీరుగంటి తఱచుగా ఊరిబయట గుడిసెలోనివాడు. పుట్టినది మొదలు కూలిచేయువానిని పిలిచి, భూమాత పేర శ్రమదానము చేయుమనుట ధర్మము కాదు, వెట్టికి క్రొత్త పేరు. కావున ఈ సంఘమున పొలము గలవారు ముందు పలుగు పట్టవలెను. పొలము లేనివారికి కూలి ముట్టవలెను, పెరిగిన పచ్చికలోను, కాయలలోను, కట్టెలోను వారికి మొదటి హక్కు ఉండవలెను. మందలు తోలుకొనుపోవు గొల్లలను, కురుబలను శత్రువులుగా చూచి కంచె వేయుట సులభము. వారితో కూర్చుండి ఏ గుట్ట ఎన్నినాళ్లు విడువవలెనో నిర్ణయించుకొనుట కష్టము. ఆ కష్టమే సాధన. ఎఱ్ఱగుడి బండమీది బెదరింపును ఇరువదిమూడు శతాబ్దముల తరువాత మరల వినిపింపరాదు.

ఇన్ని యనుభవముల సారమును తీసినచో, ఇట్టి సంఘమునకు రెండే కట్టుబాటులు చాలునని నా యభిప్రాయము: చూపు, వంతు. తన వంకను, కుంటను, గుట్టను ఏటేట అందఱును కలిసి నడచి చూచుట, చూచినదానిని వ్రాసియుంచుట, నిరుడు చేసిన నిర్ణయము ఈయేటి నేలకు సరిపడకున్న దానిని సిగ్గుపడక మార్చుకొనుట మొదటిది. పనిని నీటివలె వంతులుగా పంచుకొనుట, పెద్దఱికమును సయితము వంతుగానే పంచుకొనుట, ఎవరి వంతు వచ్చినను కులము చూడకుండుట రెండవది. గంగమ్మకు పొంగలి పెట్టదలచినవారు పెట్టుకొనవచ్చును, దర్గాకు చాదరు కప్పదలచినవారు కప్పవచ్చును, ఏదియు వలదనువారు మౌనముగా కూర్చుండవచ్చును. ఎవరును తమ తీరును సంఘముయొక్క తీరుగా చేయరాదు. సభ్యత్వమునకు ప్రమాణము లేదు, మంత్రోపదేశము లేదు. కట్టపై కనబడినవాడు సభ్యుడు, మూడు వంతులు తప్పినవాడు కాడు. సంఘము చిన్నదిగా, ఒక చెఱువు ఆయకట్టంత మేరకే యుండవలెను. పొరుగుచెఱువువారు తమది తామే పెట్టుకొందురు. ఆస్తి కూడబెట్టరాదు, కూడినచో, ఓమెనులోవలె, ఇచ్చినవారికి తిరిగి చెల్లింపవలెను, లేదా నేలకు పెట్టవలెను.

ఇంతటి నిరాడంబరమైన కూటమిని ఆధ్యాత్మిక మనవచ్చునా యని ఇంకను సందేహించువారు ఉందురు. అనకున్నను నష్టము లేదు. పేరుకొఱకు పోరాడుట ఈ సంఘపు పనులలోనిది కాదు. పరీక్ష మఱియొకటి కలదు. వ్యవస్థాపకుని పేరు ఊరు మఱచిన తరువాతను, అతని మాటలను ఎవరును వల్లించుట మానిన తరువాతను, ముసురుపట్టిన రాత్రి ఎవరి వంతో వారు పిలువకయే కట్టపైకి వచ్చినచో ఆ సంఘము స్థాపింపబడినదని చెప్పవచ్చును. అంతవఱకు అది ప్రారంభింపబడినది మాత్రమే.